టోల్కీన్ ఆచార్యుని కాగితాలు – విశ్రాంత జీవితం, వారసత్వం

‘ది హాబిట్’, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ గ్రంథాల కర్తగా లోకప్రసిద్ధి పొందిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) వృత్తిరీత్యా ఆంగ్ల ఆచార్యులు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1925 నుండి 1959 వరకు ఆచార్య పదవి నిర్వహించి, 67వ ఏట విరమించారు. ఆ తరువాత మరి 14 సంవత్సరాలు జీవించారు. పడుచువయసులో ప్రారంభించిన గ్రంథం మాత్రం ఆయన కన్నుమూసేనాటికి కూడా పూర్తికాలేదు. దానికి సంబంధించిన కాగితాలు పెట్టెల కొద్దీ మిగిలిపోయాయి. అచ్చయిన నవలల రాతప్రతులు ఆయన బ్రతికి ఉండగానే అమెరికాకు తరలిపోయాయి. అచ్చుకాని కాగితాలు కుమారుని చేతికి వచ్చాయి. ఆ కాగితాలు ఎలా పుట్టాయి, ఎలా చెదిరాయి, చివరకు ఎలా వెలుగు చూశాయి అన్నదే ఈ వ్యాస విషయం.

బాల్యం, ఉద్యోగం

టోల్కీన్ 1892 జనవరి 3న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫోంటేన్‌లో జన్మించారు. నాలుగేళ్ళ వయసులో తండ్రిని, పన్నెండేళ్ళ వయసులో తల్లిని కోల్పోయారు. తొలి గురువు తల్లియే. లాటిన్ అక్షరాలు ఆమె వద్దనే నేర్చారు. బర్మింగ్‌హామ్‌లో వారి ఇంటి వెనుకగా సాగే రైలుమార్గంలో వేల్స్ దేశపు బొగ్గు వ్యాగన్లు వస్తుండేవి. వాటిపై వ్రాసి ఉన్న ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు పేర్లవలె ఉండేవి కావు. అర్థం తెలియకపోయినా ఆ అక్షరాల అందం బాలుని ఆకర్షించింది. పొరుగు భాషపై కలిగిన ఆ మక్కువ జీవితాంతం నిలిచింది. తరువాతి కాలంలో తాము కల్పించిన రెండు ప్రధాన భాషలలో ఒకదానికి ఫిన్నిష్ భాషను, రెండవదానికి వెల్ష్ భాషను ఒరవడిగా తీసుకున్నారు.

మొదటి ప్రపంచయుద్ధంలో 1916లో ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో పనిచేసి, కందకాల జ్వరంతో స్వదేశానికి తిరిగివచ్చారు. ఆసుపత్రులలో కోలుకుంటున్న ఆ దినాలలోనే తమ కల్పిత లోకపు పురాణ గాథలను వ్రాయనారంభించారు. ‘సిల్మరిలియన్’ అనే పేరుతో ఆయన మరణానంతరం వెలువడిన గ్రంథానికి బీజం అక్కడే పడింది. యుద్ధానంతరం ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు కార్యాలయంలో కొంతకాలం పనిచేసి, 1920లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. 1925లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్ల పీఠాన్ని, 1945లో ఆంగ్ల భాషాసాహిత్యాల మెర్టన్ పీఠాన్ని స్వీకరించారు.

కాగితాల స్వరూపం

నలుగురు పిల్లల సంసారం. జీతానికి తోడుగా ప్రతి వేసవిలోను పాఠశాల పరీక్షల జవాబుపత్రాలు దిద్దేవారు. ఒకనాడు ఒక విద్యార్థి ఖాళీగా విడిచిన పుటపై అప్రయత్నంగా ఒక వాక్యం వ్రాశారు. 1937లో వెలువడిన ‘ది హాబిట్’ నవలకు అదే మొదటి వాక్యమయింది. ఆ పుస్తకానికి కొనసాగింపు కావాలని ప్రచురణకర్తలు కోరగా పన్నెండు సంవత్సరాలు శ్రమించి ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ పూర్తిచేశారు. యుద్ధకాలంలో కాగితం దొరకడం కష్టం. పాత జవాబుపత్రాల వెనుక వైపు ఉన్న ఖాళీని కూడా ఆయన వృథా పోనీయలేదు.

వ్రాసే పద్ధతి కూడా విశిష్టమైనది. ముందు పెన్సిలుతో వేగంగా చిత్తుప్రతి వ్రాసేవారు. తరువాత అదే కాగితంపై, ఆ పెన్సిలు అక్షరాల మీదనే, సిరాతో సవరించిన ప్రతి వ్రాసేవారు. క్రింది అక్షరాలు చదవాలంటే నేర్పు, ఓర్పు రెండూ కావాలి. ఒకే కథకు నాలుగైదు రూపాలు ఉండేవి. తేదీలు అరుదు. పాత్రల పేర్లు ఒక ప్రతిలో ఒక విధంగా, మరొక ప్రతిలో మరొక విధంగా ఉండేవి. శ్రద్ధగా వ్రాసిన చోట దస్తూరి ముత్యాలకోవ. త్వరపడిన చోట వ్రాసిన వారికే అర్థం కాని గీతలు.

ఇంటి కాగితాలలో మరొక రకం కూడా ఉంది. 1920 నుండి 1943 వరకు ప్రతి క్రిస్మస్‌కు, క్రిస్మస్ తాత వ్రాసినట్లుగా, వణికే అక్షరాలతో, రంగుల బొమ్మలతో, స్వయంగా గీసిన తపాలా బిళ్ళలతో తమ పిల్లలకు ఉత్తరాలు వ్రాశారు. అచ్చు కోసం ఉద్దేశించినవి కావు అవి. ఇంట భద్రంగా ఉన్నందున 1976లో పుస్తకంగా వెలువడ్డాయి.

సముద్రం దాటిన రాతప్రతులు

విరమణకాలం సమీపిస్తున్న రోజులలో, 1957లో, అమెరికాలోని మిల్వాకీ నగరంలో గల మార్క్వెట్ విశ్వవిద్యాలయం ఆయన రాతప్రతులను కొనడానికి ముందుకు వచ్చింది. తమ గ్రంథాలయానికి మంచి సేకరణ సమకూర్చే పనిలో ఉన్న అక్కడి గ్రంథాలయాధికారి విలియం రెడీ ఈ ప్రయత్నం చేశారు. 1,500 పౌండ్లకు బేరం కుదిరింది. ‘ది హాబిట్’, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’, ‘ఫార్మర్ గైల్స్ ఆఫ్ హామ్’ ప్రతులతో పాటు, పిల్లల కోసం వ్రాసి బొమ్మలు గీసిన ‘మిస్టర్ బ్లిస్’ కూడా ఆ విధంగా ఓడ ఎక్కింది. ఈ చివరి పుస్తకం 1982లో గాని అచ్చుకాలేదు.

పంపే ముందు అన్నిటినీ వరుసలో పెట్టాలని ఆచార్యుల సంకల్పం. అది నెరవేరలేదు. ఒకే అధ్యాయపు చిత్తుప్రతులలో కొన్ని అమెరికాలోను, కొన్ని ఇంగ్లండులోను ఉండిపోయాయి. ఈ తొందరపాటు ఫలితాన్ని తరువాతి తరం అనుభవించింది.

కీర్తి తెచ్చిన చిక్కులు

విశ్రాంతి దొరికితే ‘సిల్మరిలియన్’ పూర్తి చేయవచ్చునని ఆయన ఆశించారు. కొన్ని చిన్న పనులు పూర్తయ్యాయి. మధ్యకాలపు ఆంగ్ల గ్రంథం ‘ఆంక్రీన్ విస్సె’ పరిష్కరణ 1962లో, ‘ట్రీ అండ్ లీఫ్’ 1964లో, ‘స్మిత్ ఆఫ్ వూటన్ మేజర్’ 1967లో వెలువడ్డాయి. పెద్ద పని మాత్రం ముందుకు సాగలేదు.

1965లో అమెరికాలో ఒక సంస్థ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను అనుమతి లేకుండా చౌక ప్రతులుగా అచ్చువేసింది. హక్కులు కాపాడుకోవడానికి గ్రంథకర్త మూలాన్ని సవరించి కొత్త ప్రతి సిద్ధం చేయవలసి వచ్చింది. ‘సిల్మరిలియన్’కు దక్కవలసిన కాలం అక్కడ ఖర్చయింది. ఈ వివాదం పత్రికలకెక్కి పుస్తకానికి మరింత ప్రచారం తెచ్చింది. కళాశాల విద్యార్థులు ఎగబడి కొన్నారు. కట్టల కొద్దీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అమెరికాలో పగలు ఇంగ్లండులో రాత్రి అన్న సంగతి మరచిన అభిమానులు అర్ధరాత్రి టెలిఫోను చేసి నిద్ర లేపేవారు. చివరకు తమ నంబరును డైరెక్టరీ నుండి తీసివేయించుకున్నారు.

ఆయన నెమ్మదికి కీర్తి ఒక్కటే కారణం కాదు. వ్రాసినదానిని మళ్ళీ మళ్ళీ దిద్దడం ఆయన స్వభావం. మొదటి పుట దిద్దితే పదవ పుట మారేది. అది మారితే మొదటిది మళ్ళీ దిద్దవలసి వచ్చేది. 1945లో అచ్చయిన ‘లీఫ్ బై నిగ్గిల్’ కథలో, ఒక్కొక్క ఆకును శ్రద్ధగా చిత్రిస్తూ చెట్టును పూర్తిచేయలేకపోయిన చిత్రకారుని ఆయనే సృష్టించారు. ఆ చిత్రకారునిలో తమ పోలిక ఉన్నదని ఆయనకు తెలియకపోలేదు.

చివరి సంవత్సరాలు

భార్య ఈడిత్ ఆరోగ్యం క్షీణించడంతో 1968లో దంపతులు ఆక్స్‌ఫర్డ్ విడిచి, దక్షిణ తీరంలో బోర్న్‌మత్‌కు ఆనుకొని ఉన్న పూల్‌లో ఇల్లు తీసుకున్నారు. ఇల్లు మారే సమయంలో ఆయన మెట్లపై జారిపడి కాలికి దెబ్బ తగిలి ఆసుపత్రి పాలయ్యారు. సామాను ఇతరుల చేతుల మీదుగా కదిలింది. కాగితాల వరుస తప్పింది. వాటిని సర్దుకోవడానికే చాలాకాలం పట్టింది.

ఈడిత్ 1971 నవంబరు 29న మరణించారు. యౌవనంలో ఆమె ఒక వనంలో తన ఎదుట నాట్యమాడిన జ్ఞాపకం నుండే ఆయన తమ గాథలలోని లూథియెన్ పాత్రను కల్పించారు. ఆమె సమాధిపై ఆ పేరే చెక్కించారు. ఒంటరియైన ఆచార్యునికి మెర్టన్ కళాశాల 1972లో నివాసం ఇచ్చి ఆదరించింది. ఆ సంవత్సరమే రాణి చేతుల మీదుగా సి.బి.ఇ. గౌరవాన్ని, ఆక్స్‌ఫర్డ్ నుండి గౌరవ డాక్టరేటును అందుకున్నారు. 1973 సెప్టెంబరు 2న, 81వ ఏట, బోర్న్‌మత్‌లో కన్నుమూశారు. ఆక్స్‌ఫర్డ్‌లోని వుల్వర్‌కోట్ శ్మశానవాటికలో దంపతులు ఒకే సమాధిలో ఉన్నారు. ఆయన పేరు క్రింద లూథియెన్ ప్రియుడైన ‘బెరెన్’ పేరు కనిపిస్తుంది.

కుమారుని నలుబది ఐదేళ్ళ శ్రమ

అచ్చుకాని రచనలను ప్రచురించడానికి, సవరించడానికి, పూర్తిచేయడానికి, అవసరమనుకుంటే నాశనం చేయడానికి కూడా మూడవ కుమారుడు క్రిస్టఫర్‌కు వీలునామా ద్వారా అధికారం సంక్రమించింది. 1924లో జన్మించిన క్రిస్టఫర్ చిన్ననాటి నుండి ఆ కథలు విని పెరిగినవారు. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ పటాలు అచ్చుకు గీసినదీ ఆయనే. తండ్రివలెనే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్లం బోధిస్తూ, 1975లో ఆ ఉద్యోగం విడిచి పూర్తికాలం ఈ కాగితాలకే అంకితమయ్యారు.

భిన్న ప్రతులను కలిపి కూర్చిన ‘సిల్మరిలియన్’ 1977లో వెలువడింది. పాఠకులు ఆదరించారు. క్రిస్టఫర్‌కు మాత్రం తృప్తి కలుగలేదు. ఒక్క ప్రతిగా కూర్చడంలో తండ్రి ఆలోచన మారుతూ వచ్చిన క్రమం మరుగుపడిందని గుర్తించారు. అందువలన 1983 నుండి 1996 వరకు పన్నెండు సంపుటాలలో చిత్తుప్రతులను యథాతథంగా, ఏది ముందు, ఏది వెనుక అన్న వివరణతో ప్రకటించారు. ఈ పనిలో ఉండగా మార్క్వెట్ సేకరణకు చెందవలసిన కాగితాలు ఇంట కనిపిస్తే అక్కడికి పంపించివేశారు. ‘ది చిల్డ్రన్ ఆఫ్ హూరిన్’ 2007లో, ‘బెరెన్ అండ్ లూథియెన్’ 2017లో, ‘ది ఫాల్ ఆఫ్ గోండోలిన్’ 2018లో వచ్చాయి. చివరి పుస్తకం వెలువడేనాటికి ఆయన వయస్సు 93 సంవత్సరాలు. 2020 జనవరి 16న ఫ్రాన్సులో మరణించారు.

ప్రస్తుత స్థితి

నవలల రాతప్రతులు మార్క్వెట్‌లో ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో పాండిత్య రచనలు, ఉత్తరాలు, చిత్రాలు, కుటుంబ పత్రాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 2018లో బోడ్లియన్ ఏర్పాటు చేసిన ప్రదర్శనలో రెండు దేశాలలోని కాగితాలు ఒకే కప్పు క్రిందకు వచ్చాయి.

కాగితాలు మిగిలినంత మాత్రాన అవి మాట్లాడవు. ఆ దస్తూరి చదవగలవారు, ఆ పేర్లు తెలిసినవారు కూర్చుని విప్పితేనే మాట్లాడుతాయి. టోల్కీన్ కాగితాలకు అటువంటి వ్యక్తి ఇంటనే దొరికాడు. అనేక కుటుంబాలలో పెద్దల ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, పాటల ప్రతులు ట్రంకు పెట్టెలలో ఉంటాయి. వాటి లిపి చదవగల పెద్దవారు కూడా ఆ ఇంటనే ఉంటారు. ఆ పెద్దవారు ఉన్నప్పుడే ఏ కాగితం ఎవరిది, ఏ సంవత్సరానిది, అందులోని పేర్లు ఎవరివి అని అడిగి, ఒక పలుచని కాగితంపై వ్రాసి దానితో కలిపి ఉంచడం ఒక సాయంత్రపు పని. ఆ సాయంత్రం దాటిపోతే, చదవగలవారు లేక, అదే పని నలుబది ఐదేళ్ళకు కూడా తెమలదు.