నడుమునొప్పియు మంచమును



మెదకుసీమలో నర్సాపురమునకును తూప్రానునకును నడుమనున్న శివ్వంపేటయందు గాని, మఱి యే పల్లెయందు గాని, నడివయస్సు దాటినవారు నలుగురు కూడినచోట నడుమునొప్పి మాట రాకపోదు. నొప్పి వచ్చినవానికి ఇంటివారు చెప్పెడి మాట యొక్కటే: “కదలవద్దు, మంచము దిగవద్దు.” ప్రేమతో చెప్పిన మాటయే యది. కాని మంచము పట్టిన రైతు మరల కొడవలి పట్టునా లేదా యన్నది కొంతవఱకు ఆ మాటమీదనే యున్నది. కావున దాని చరిత్రను మీకు మనవి చేయదలచితిని.

మన ప్రాచీన వైద్యులు నడుము పట్టుటను కటిగ్రహమనియు, కాలివెంట దిగు నొప్పిని గృధ్రసి యనియు నెఱిగియుండిరి. గృధ్రసికి వ్యాయామమే మందని వారు చెప్పిరని నేననను. సిరావేధము, వస్తి, అగ్నికర్మ మున్నగునవి వారి చికిత్సలు. అయినను సుశ్రుతసంహిత వ్యాయామమునకొక చక్కని కొలత పెట్టినది. వయస్సు, బలము, దేశము, కాలము, ఆహారము చూచుకొని, తన శక్తిలో సగమే వినియోగింపవలెనట.

ఇక మంచము సంగతి. 1863లో జాన్ హిల్టన్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు విశ్రాంతి మహిమను గూర్చి గ్రంథము ప్రకటించెను. విరిగిన యెముకకు మేలుచేయు విశ్రాంతి నొప్పిగల నడుమునకును మేలే చేయునని వైద్యులు పెక్కుకాలము నమ్మిరి. 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ అను వైద్యులు వెన్నుపూసల నడిమి బిళ్ళ పొడుచుకొనివచ్చి నరమును ఒత్తుటను వివరించిరి. అది నిజమే, కాని పెక్కు నడుమునొప్పులకు అట్టి కారణమొక్కటియు వేలు పెట్టి చూపుటకు దొరకదు.

1956లో న్యూజిలాండులో ఒక వింత జరిగెను. రాబిన్ మెకంజీ యను వైద్యసహాయకుని యొద్దకు వచ్చిన రోగి, తలవైపు పైకెత్తియున్న బల్లమీద బోరగిల పడుకొని, వెన్ను వెనుకకు వంగియుండ కొంతసేపు ఉండిపోయెను. మెకంజీ చూచి గుండె గుభేలుమనెను. రోగియో, వారములనుండి లేని సుఖము కలిగినదనెను! మన భుజంగాసనమెఱిగినవారికి ఆ భంగిమ క్రొత్త గాదు.

1986లో టెక్సాసులో 203 మందిని పరీక్షించిరి. ఏడుదినములు పడుకొనుమన్నవారికంటె రెండుదినములు పడుకొనుమన్నవారికి పని పోయిన దినములు నూటికి 45 వంతులు తగ్గెను. 1995లో హెల్సింకిలో, ఓర్చుకొనగలిగినంత వఱకు మామూలు పనులు చేసికొన్నవారే మంచమెక్కినవారికంటె త్వరగా కోలుకొనిరి. ఇవి క్రొత్తగా వచ్చిన నొప్పులు. మూడునెలలు మీఱిన నొప్పికి 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సూచనలలో వ్యాయామము చేరియున్నది. నడుముపట్టీ, కట్టి లాగుట మున్నగువానిని అది వలదన్నది. మఱుసటి యేట ఆస్ట్రేలియాలో, నొప్పి తగ్గిన 701 మందిలో కొందఱికి క్రమముగా నడక నేర్పిరి. నొప్పి తిరిగి వచ్చుటకు నడువనివారికి 112 దినములు పట్టగా, నడిచినవారికి 208 దినములు పట్టెను.

“దినమంతయు పొలములో వంగుచున్నాము గదా, మరల వ్యాయామమేల?” అని మీరడుగుదురు. న్యాయమే. నాట్లు వేయు స్త్రీకి ఆ ప్రశ్న మఱింత న్యాయము. కాని పొలము పని దేహమును ఒక్కవైపే వంచును, బరువు తానే నిర్ణయించును. వ్యాయామములో కొలత మన చేతిది. మొదట చెరువుకట్టమీద పదినిమిషములు నడిచి, వారము వారము కొంచెము పెంచి అరగంటకు తెచ్చుకొనవచ్చును. కొంత నొప్పి కలిగినంత మాత్రమున భయపడనక్కఱలేదు.

అయితే, పడినపిదప వచ్చిన నొప్పికి, జ్వరముతోనో కారణము లేక చిక్కిపోవుటతోనో కూడిన నొప్పికి నడక మందు కాదు, వైద్యుని చూడవలెను. కాళ్ళు పట్టుదప్పినను, మలమూత్రములు స్వాధీనము తప్పినను, ఆసనభాగము తిమ్మిరెక్కినను, ఆ దినమే, రాత్రియైనను, ఆసుపత్రికి చేర్పవలెను.