లాగితే ఊడొచ్చే ముడి

సాయంత్రం నాలుగు దాటింది. రామాపురం బీచి వైపు కార్లు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతున్నాయి. శనివారం కదా, గుంటూరు జనం, హైదరాబాదు జనం అంతా రిసార్టుల్లోనే. మీరు మాత్రం అటు పోకుండా ఊళ్లోకి మళ్లారు. అరుగు మీద చాప పరిచి ఉంది. పిన్నిగారు మీ ఒళ్లో ఒక ఊలు ఉండ పడేసి, కొక్కెం ఉన్న క్రోషే సూది ఒకటి చేతికిచ్చారు.

"గోడకి ఆనుకుని కూర్చో. నడుం పట్టేసిందంటే రేపు మళ్లీ రావు."

ఆవిడ పుట్టిల్లు నర్సాపురం దగ్గర. ఆవిడ సూది వేరు. ఉక్కుది, కొసన కొక్కెం ఉందా లేదా అన్నంత సన్నం. ఉప్పు గాలికి తుప్పు పట్టకుండా పాత పౌడరు డబ్బాలో, కొబ్బరినూనె అద్దిన గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు. మీకు ఇచ్చింది లావు సూది, లావు ఊలు. మీ కళ్లు డబ్బా మీదే ఉండటం చూసి, "సన్నదారంతో మొదలెడితే కళ్లూ పోతాయి, మోజూ పోతుంది" అన్నారు.

దారాన్ని ఎడమ చిటికెన వేలికి ఒక చుట్టు తిప్పి, చూపుడువేలి మీదుగా తెచ్చారు. సూదికి ఒక ఉచ్చు. సూదితో దారాన్ని అందుకుని ఆ ఉచ్చులోంచి ఇవతలికి లాగాలి. అంతే, ఒక చెయిన్ అయింది. మళ్లీ అందుకోవాలి, మళ్లీ లాగాలి. నాలుగు చెయిన్లు పడేసరికి మీ భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. ఉచ్చులు ఎంత బిగిశాయంటే సూది దూరడం లేదు.

"ఎందుకమ్మా అంత బిగింపు? దారం ఎక్కడికీ పారిపోదు."

అరచేతులకు చెమట. ఈ తీరాన గాలిలోనే తడి ఉంటుంది, సూది జారదు. పిన్నిగారు తన సూదిని పాపిట పక్కన జుట్టులో రెండుసార్లు రాసుకుని పని సాగించారు. మీరూ అలాగే రాశారు. సూది నున్నగా జారింది. ఏ వీడియోలోనూ మీకు ఈ సంగతి చెప్పలేదు.

ఎదురింటి ముందు ఒకాయన కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు కట్టుకుంటున్నాడు. దారం చుట్టిన బద్ద చేతిలో గిరగిరా తిరుగుతోంది. రెండూ దారం పనులే అయినా లెక్క వేరు. వలలో ప్రతి కన్నూ ముడే. ఒకసారి పడిందంటే చేప ఎంత గింజుకున్నా సడలకూడదు. మీ చేతిలో ఉన్నదాంట్లో నిలకడగా ఉన్న ముడి ఒక్కటీ లేదు. ప్రాణమంతా సూదికి తగులుకుని ఉన్న ఆ ఒక్క ఉచ్చులోనే ఉంది. సూది తీసి కొస లాగితే గంట శ్రమ క్షణంలో మళ్లీ దారమైపోతుంది.

చెయిన్ కుదిరాక చుట్టు. చిన్న చెయిన్ కొసలు రెండూ కలిపితే ఉంగరం అయింది. అందులోంచి ఆరు సింగిల్స్, అంటే పొట్టి కుట్లు. రెండో చుట్టులో ప్రతి కంట్లోనూ రెండేసి, పన్నెండు. మూడో చుట్టుకు పద్దెనిమిది, నాలుగోదానికి ఇరవైనాలుగు. చుట్టుకు ఆరు చొప్పున పెరిగితే బిళ్ల చదునుగా పరుచుకుంటుంది. పెంచడం మరిచారా, గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది. మీకు ఉత్సాహం ఎక్కువై ఎడాపెడా పెంచేశారు, అంచు లేచి ఊగుతోంది.

"కుచ్చులు పడుతోంది. విప్పెయ్."

1997లో కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమినా అనే లాత్వియా గణితజ్ఞురాలు సరిగ్గా ఈ కుచ్చులనే కావాలని అల్లింది. హైపర్బాలిక్ తలమని గణితంలో చెప్పేదాన్ని విద్యార్థుల చేతికి ఇచ్చి తడిమి చూడమనడానికి. కాగితంతో చేసి చూపితే చిరిగిపోయేది, క్రోషే నిలబడింది. పిన్నిగారికి ఇది చెబితే నవ్వారు. "చదువుకున్నవాళ్లు కాబట్టి చెల్లింది. మేం అల్లితే షావుకారు తిప్పికొట్టేవాడు."

మీరు కొస లాగారు. సర్రుమని వచ్చేసింది. ఎంత హాయి! తప్పు ఆనవాలే లేదు, ఊలు మళ్లీ మొదటికొచ్చింది. మీరు సరదాగా ఇంకో రెండు చుట్లు కూడా లాగేశారు. పిన్నిగారి చేయి ఆగింది.

"చిన్నప్పుడు మేం ఇలా విప్పితే మా అమ్మ వీపు మీద ఒకటి వేసేది. మాకు కూలి దారం లెక్కన. ఎంత దారం అల్లితే అంత. విప్పామంటే ఆ పూట పోయినట్టే."

గోదావరి జిల్లాలకు ఈ పని తెచ్చింది మెక్రే అనే మిషనరీ దంపతులని, 1844లో నేర్పడం మొదలుపెట్టారని చెబుతారు. అదే దశకంలో అక్కడ ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి కరువొస్తే ఆడవాళ్లు ఈ కొక్కెం సూదితోనే ఇల్లు నెట్టుకొచ్చారు. ఇక్కడా అంతే. 1899 కరువునూ, 1929 మాంద్యాన్నీ దాటుకుని నర్సాపురం లేసు విదేశాలకు వెళ్తూనే ఉంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ వచ్చి చూసి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' రాసింది. ఆవిడ పట్టుకున్న విషయం ఒక్కటి: వ్యాపారులూ, ఇంట్లో మగవాళ్లూ దీన్ని ఖాళీవేళ కాలక్షేపమనేవారు, ఆ పేరుతోనే కూలి నేలకు అంటింది. పువ్వులల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది. పూర్తయిన దుప్పటి ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలియదు. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు నిలిచింది, సంతోషమే. కూలి సంగతి అడిగితే పిన్నిగారు పెదవి విరిచారు.

నిజంగా కాలక్షేపానికి కూర్చున్నది మీరు. కావలసినన్నిసార్లు విప్పుకోవచ్చు, ఎవరూ లెక్క అడగరు. కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా చేయి ఆగడం లేదు.

వేలి పక్కన దారం ఒరుసుకుని ఎర్రటి గీత పడింది. భుజాలు ఎప్పుడు దిగాయో తెలియదు. సూది తనంతట తనే కన్ను వెతుక్కుంటోంది. కళ్లతో లెక్కపెట్టడం పోయి వేళ్లతో లెక్క మొదలైంది. ఈ చుట్టు అవగానే లేస్తానని మీరు అన్నాక ఎన్ని చుట్లు తిరిగాయో! వీధి దీపం వెలిగింది. తడిసిన తువ్వాళ్లతో జనం బీచి నుంచి తిరిగొస్తున్నారు. సముద్రం చూడటానికి వచ్చిన మీరు సముద్రమే చూడలేదు.

బిళ్లను గచ్చు మీద పెట్టి అరచేత్తో ఒత్తారు పిన్నిగారు. ఒక పక్క కాస్త లేచింది, మిగతాదంతా చదునుగానే ఉంది. "గ్లాసు కింద పెట్టుకోవచ్చులే."

మీ చూపు మళ్లీ పౌడరు డబ్బా మీదికి పోయింది. ఈసారి ఆవిడ మూత తీశారు.

"రేపు చీరాలలో ఇరవై నంబరు దారం తెచ్చుకో. తెల్లదే తీసుకో. చేతులు కడుక్కోకుండా కూర్చున్నావంటే అదే చెప్పేస్తుంది."