అబ్రాహాము ఇంట్లో మన చోటు

అబ్రాహాముకి దేవుడిచ్చిన మాట యూదులు కాని మనకెట్లా వర్తిస్తదని అడిగావు గదా నాయనా. ఈ పేచీ మొదట పుట్టింది మన ఒంగోలులో కాదు, యేసు శిష్యుల మధ్యనే. క్రీస్తు శకం 49 ప్రాంతపు మాట.

అప్పటికే కైసరయలో కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఇంట పేతురు అడుగుపెట్టాడు. అన్యుల ఇంట్లో తింటావా అని యెరూషలేములో ఆయన్ని నిలదీశారు. పౌలు, బర్నబా ఊళ్లు తిరిగి ఎంతోమంది అన్యజనుల్ని సంఘంలో చేర్చారు. సున్నతి లేకపోతే వీళ్లకి రక్షణే లేదని యూదయ నుంచి వచ్చిన కొందరు పట్టుబట్టారు. వాళ్లని చెడ్డవాళ్లనుకోబాక. సున్నతి దేవుడు అబ్రాహాముకిచ్చిన నిబంధన గుర్తు. దానికోసం ప్రాణాలు పోగొట్టుకున్న తరాలున్నాయి.

యెరూషలేములో పెద్దలు కూడారు. పేతురు కొర్నేలీ ఇంట తను కళ్లారా చూసింది చెప్పాడు. ఆ పెద్దల్లో ఒకడైన యాకోబు ఆమోసు ప్రవచనం ఎత్తాడు. పడిపోయిన దావీదు గుడారాన్ని దేవుడు మళ్లీ లేపేది మిగతా జనాలు కూడా తనను వెతకాలనే అని అర్థం చెప్పాడు. సున్నతి అక్కర్లేదు, తిండిలో, నడతలో నాలుగు కట్టుబాట్లు చాలని ఉత్తరం రాసి పంపారు.

నాకైతే పౌలు వాదన ఇంకా ఇష్టం. ఆదికాండం 15లో అబ్రాహాము నమ్మాడు, దేవుడు దాన్ని నీతిగా ఎంచాడు. తర్వాత కొడుకు ఇష్మాయేలు పుట్టేనాటికి ఆయనకి 86 ఏళ్లు. సున్నతి అయ్యేనాటికి 99. నడుమ తక్కువలో తక్కువ 13 ఏళ్లు! అన్నేళ్లూ ఆయన సున్నతి లేనివాడే గదా, దేవుడు కాదన్నాడా? అందుకే ఆయన సున్నతి ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తండ్రే అన్నాడు పౌలు. భూమ్మీది వంశాలన్నీ అబ్రాహాము ద్వారా దీవెన పొందుతాయన్న వాగ్దానంలోనే సువార్త ముందుగా వినబడిందని గలతీయులకి రాశాడు. యూదు పండితులు ఈ లేఖనాలను ఇట్లా చదవరు. వాటిని కాపాడి మనదాకా తెచ్చింది మాత్రం వాళ్లే, అది మరవబాక.

ఇక మన సంగతి. 1866లో మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. మాదిగల్ని సంఘంలో చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవాళ్లు తేల్చిచెప్పారు. దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందంట. లోకం నీచమనుకున్నవాళ్లని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటది. దాంతో దొర మాదిగల్ని చేర్చుకున్నాడు. ఆ తర్వాత పెద్ద కరువొచ్చింది. తిండికోసం మతం మారారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇంత జరిగాక కూడా మాలలకో గుడి, మాదిగలకో గుడి అని వింటే నా కడుపు రగులుతుంది నాయనా. పేతురంతటివాడు అంతియొకయలో జనానికి జడిసి అన్యుల పంక్తి నుంచి తప్పుకుంటే, పౌలు ఊరుకోలేదు. అందరి ముందే నిలదీశాడు.