సింగపూర్ టు న్యూయార్క్: ఒక్కసారి ఎక్కితే 18 గంటలకు పైగా గాల్లోనే!

సింగపూర్ నుంచి న్యూయార్క్ ఎంత దూరం? దాదాపు 15,300 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానాల్లో ప్రపంచంలోనే అతి పొడవైన రూట్లలో ఇదొకటి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్‌కు 18 గంటలకు పైగా పడుతుంది. గాలులను బట్టి రూట్, టైమ్ కాస్త మారుతుంటాయి.

ఇందుకోసం 1,65,000 లీటర్ల ఇంధనం పట్టే ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్‌ఆర్ వాడుతున్నారు. సీట్లు 161 మాత్రమే. అన్నీ బిజినెస్, ప్రీమియం ఎకానమీలే. మామూలు ఎకానమీ అసలు లేదు!

న్యూయార్క్ టైమ్ 12 లేదా 13 గంటలు వెనక ఉంటుంది. అందుకే సింగపూర్‌లో అర్ధరాత్రి దాటాక బయలుదేరితే, అక్కడ అదే తేదీ ఉదయమే దిగుతారు.

ఇంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయడం మరవొద్దు.