తుఫాను హెచ్చరికలు – వరి కోతల్లో మెలకువలు

బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా ఏప్రిల్-మే, అక్టోబరు-డిసెంబరు నెలల్లో వస్తాయి. ఈ రెండో కాలం ఖరీఫ్ వరి కోతల సమయం. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుఫాను ఇలా కోతల వేళ వచ్చినదే.

సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కితే తేమగాలి పైకి లేచి మేఘాలవుతుంది. అప్పుడు వెలువడే వేడి సుడిగాలికి బలమిస్తుంది. తీరం దాటాక తేమ తగ్గి తుఫాను బలహీనపడుతుంది. గాలి తగ్గినా వాన కొనసాగవచ్చు.

గాలి వేగం (గంటకు కి.మీ.):
• వాయుగుండం: 31–49
• తీవ్ర వాయుగుండం: 50–61
• తుఫాను: 62–88
• తీవ్ర తుఫాను: 89–117

అల్పపీడనమే కదా అని అశ్రద్ధ చేయరాదు. పనలు తడిసి గింజ మొలకెత్తడానికి ఆ వాన చాలు.

రైతులు చేయవలసినవి:
• భారీ వర్ష సూచన ఉంటే కోత వాయిదా వేయాలి. నిలిచిన పైరు కన్నా పనల మీదున్న పైరుకే నష్టం ఎక్కువ.
• కోసి ఆరిన పనలను వెంటనే కుప్ప వేసి, పట్టా కప్పాలి.
• గట్లకు గండ్లు పెట్టి ముంపు నీటిని తీసివేయాలి.
• తడిసిన పనలు, పడిపోయిన పైరు వెన్నులపై లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తే గింజ మొలకెత్తడం తగ్గుతుంది.