ముందే సిద్ధం చేసిన జవాబులు: ధర్మవరం మగ్గం నుంచి బ్యాచ్ ఫైలు వరకు

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు, పెనుకొండ పరిసర పల్లెల్లో మల్బరీ తోటలు, ధర్మవరంలో పట్టుచీరల నేత ఈ ప్రాంత విద్యార్థులకు తెలిసినవే. బ్యాచ్ ఫైలు ద్వారా ప్రోగ్రాముకు ఇన్‌పుట్ అందించే పద్ధతి చరిత్రను ధర్మవరం మగ్గం దగ్గరే మొదలుపెట్టవచ్చు.

మగ్గంపై అమర్చే జకార్డు యంత్రాన్ని ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో రూపొందించాడు. ఇందులో ఒక్కొక్క పేక పోగుకు ఒక అట్ట ఉంటుంది. అట్టలో చిల్లు ఉన్నచోట కొక్కెం పడుగు పోగును లేపుతుంది, లేనిచోట లేపదు. అంటే, మగ్గానికి చెప్పవలసినదంతా అట్టల దండలో వరుసగా ముందే సిద్ధమై ఉంటుంది.

1890 అమెరికా జనాభా లెక్కల్లో హెర్మన్ హొలెరిత్ చిల్లుల కార్డులను వాడాడు. తరువాతి కాలంలో కంప్యూటర్లకు ప్రోగ్రామును, డేటాను కార్డుల కట్టలుగా అందించారు. 'బ్యాచ్' అనే మాట ఆ కాలానిదే. 1983 నాటి ఎంఎస్-డాస్ 2.0లో కార్డుల పనిని రెండు గుర్తులు చేశాయి. '<' గుర్తు కీబోర్డుకు బదులు ఫైలు నుంచి, '|' గుర్తు మరో కమాండు నుంచి ఇన్‌పుట్ అందిస్తుంది. ఉదాహరణకు, డేట్ కమాండు కొత్త తేదీ అడిగి ఆగుతుంది. బ్యాచ్ ఫైలులో 'ఎకో. | డేట్' అని రాస్తే, మనం ఎంటర్ నొక్కవలసిన పనిని ఎకో పంపిన ఖాళీ వరుస చేస్తుంది.

అయితే ప్రోగ్రాము అడిగే ప్రశ్న మారినా, ముందే రాసిన జవాబు మారదు. అట్ట వరుస తప్పితే అంచు డిజైను చెదురుతుంది. నేతగాడు అది చూసి మగ్గం ఆపుతాడు. రాత్రివేళ నడిచే బ్యాచ్ ఫైలు దగ్గర ఎవరూ ఉండరు. 'ఫైళ్లు తొలగించాలా?' అనే ప్రశ్నకు 'వై' అని ముందే రాసిపెట్టినవారే ఫలితానికి బాధ్యులు.