బొంతకు ఎన్ని పూలు

ప్రాణహిత మీద లేచిన మంచు సిరొంచ ఇళ్ల కప్పులను ఇంకా వదల్లేదు. మార్గశిరం. మీరు చెప్పులు విడిచి అరుగు ఎక్కేసరికి చాప మీద బొంత పరిచే ఉంది, నాలుగు మూలల్లో నాలుగు రాళ్లు. ఒక పక్క అత్త, ఇంకో పక్క కోడలు. "జెర సూసి కూసో బిడ్డా, సూది కింద పడ్డది," అంటుంది అత్త, తలెత్తకుండానే.

మూడు చీరలు. ఒక్కోటి అయిదున్నర మీటర్లు. నడిమికి మడిస్తే రెండు పొరలు, మొత్తం ఆరు. అడుగు చీర కోడలి తల్లి పంపింది, ఆవలి గడ్డ మంథని వైపు నుంచి. గోదావరి మీద వంతెన పడకముందు అటు నుంచి చీర రావాలంటే కాళేశ్వరం దగ్గర పడవ ఎక్కాల్సిందే. ఇది మోటారు సైకిలు మీద సంచిలో వచ్చింది. నడిమిది చిరుగుల చీర, ఎలాగూ కనిపించదు. పై చీర అత్తది, పెళ్లినాటి నూలు చీర. ఆమె ఈ ఇంట కాలుపెట్టినప్పుడు సిరొంచ చంద్రపూర్ జిల్లాలో ఉండేది. గడ్చిరోలి జిల్లా పుట్టింది 1982 ఆగస్టు 26న. చీర అంతకంటే ముందుది.

ఆ చీర పై పొర నట్టనడుమ, గాజు బోర్లించి సుద్దతో గీసిన పెద్ద పువ్వు ఉంది. ఇద్దరి పేచీ దాని గురించే.

"నడుమల గీ పువ్వు కుడితే మంచిగుంటది అత్తమ్మా. సుట్టూ తీగెలు, తీగెల నడుమ అద్దాలు."

"ఎవలికే గీ బొంత?"

"మా అక్కకే గదా. పురుటికి అమ్మగారింటికి వచ్చింది."

"బాలింతకు, పసిగుడ్డుకు అద్దాలా?"

కోడలు మాట్లాడదు. సూదిలో దారం ఎక్కిస్తుంది. కాసేపటికి మెల్లగా అంటుంది: "ఉత్త గీతలు కుట్టి పంపితే అక్క అత్తగారోళ్లు ఏమంటరు?"

ఆ మాటను తీసిపారేయకండి. ఈ ఒడ్డున కుట్టిన బొంత ఆ ఒడ్డున నలుగురి ముందు విప్పుతారు. చెల్లెలు ఎన్ని రోజులు కూర్చుందో ఆ కుట్లలోనే వాళ్లకు కనిపించాలి. ఆమెకు కావలసింది ఆడంబరం కాదు, తన ప్రేమ కనిపించడం.

అత్త వాదించదు. మీ చెయ్యి పట్టుకుని దండెం దగ్గరికి తీసుకెళుతుంది. రెండు పాత బొంతలు ఆరేసి ఉన్నాయి. మొదటిది తడిమి చూడండి. చిటికెన వేలంత సందు కూడా లేకుండా పూలు, చిలకలు, చుక్కలు. చూపుకు ఎంతో అందం, పట్టుకుంటే అట్ట. పొరల మధ్య గాలి నిలిచేందుకు చోటు లేదు, అందుకే ఇంత బరువున్నా చలి ఆగదు. రెండో దాన్ని అరచేత్తో నలపండి. దీని కుట్లు జానెడు దూరం. రెండు ఉతుకులకే లోపలి గుడ్డ జారి ఒక పక్కకు ముద్దకట్టింది. రాత్రి కాలివేలు కుట్టుపోగుకు తగులుకుని ఫట్టున తెంపేస్తుంది.

ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఆగాలి. దూది నింపిన బొంతైతే దూది కదలకుండా దగ్గరగా కుట్టక తప్పదు. ఇది గుడ్డ మీద గుడ్డ; పొరను పొర పట్టుకుంటుంది, కాబట్టి కుట్టు కొంత దూరంగా ఉన్నా ఓర్చుకుంటుంది. అత్త రెండువేళ్లు పక్కపక్కన ఆనించి కొలత చూపిస్తుంది, సుమారు నాలుగు సెంటీమీటర్లు. ఆ ఎడంతో ఈ బొంత మొత్తం తిరగడానికి సూది 80 మీటర్ల దాకా నడవాలి. సెంటీమీటరుకు ఒక కుట్టు అనుకున్నా ఎనిమిది వేల కుట్లు. ఆ ఎడం సగం చేస్తే ఈ లెక్కంతా రెట్టింపు. ఉత్త గీతలు అని కోడలు అన్నవి ఇవే. నా మటుకు నాకు వరసతప్పని ఆ ఎనిమిది వేల కుట్లే మొదటి అలంకారం.

తిరిగి చాప దగ్గరికి రండి. అత్త పై చీర కొంగు ఎత్తి వెలుతురుకు పట్టింది. కొంగు, అంచులు గట్టిగానే ఉన్నాయి. కూర్చున్నచోట అరిగిన నడిమి భాగంలోంచి మాత్రం వెలుతురు జల్లెడలోంచి పడినట్టు దిగుతోంది. కోడలు సుద్దతో గీసింది సరిగ్గా అక్కడే.

"ఆడ సూది గుచ్చినకొద్ది పిగుల్తది. కొత్త దారం గట్టిది బిడ్డా, పాత గుడ్డను కోస్తది."

నిజమే. పాలిస్టర్ దారం నలభై ఏళ్లు దాటిన నూలు కంటే గట్టిది. గుంజినప్పుడు తెగేది దారం కాదు, గుడ్డ. బెంగాలు ఆడవాళ్లు పూర్వం కాంథా బొంతల మీద పూలు కుట్టడానికి పాత చీర అంచుల్లోంచే రంగుపోగులు లాగేవారు. పాత గుడ్డకు పాత పోగు జత. ఉత్తర కన్నడ అడవుల్లో సిద్ధి స్త్రీలు కుట్టే కవంది అనే బొంతకు నాలుగు మూలల్లో గుడ్డముక్కలు మడిచి పెడతారు. వాటిని పువ్వులనే అంటారు. అవి లేకపోతే కవంది పూర్తికానట్టే. బొంతంతా పూలు పరచక్కర్లేదు, మూలలు చాలు. మూలలు అంచు కిందికి వస్తాయి, గుడ్డ గట్టిది, ఎన్ని కుట్లయినా మోస్తుంది.

అయితే బాలింత బొంత రోజూ నీళ్లలో పడుతుంది. తడిసిన ఆరుపొరలను ఇద్దరు చెరోవైపు పట్టి పిండాలి, బండకేసి బాదాలి. పొడుగు పోగులతో నింపిన రేకులు బండకు తగిలి లేస్తాయి, పసివాడి గోటికి చిక్కుకుంటాయి. ముళ్లు పైకొస్తే మెత్తని వీపుకు ఒత్తుకుంటాయి. అందుకని అత్త ముడిని పొరల మధ్యకు లాగి దాస్తుంది. ఎర్రదారాన్ని ముందే ఉప్పునీళ్లలో నానబెట్టి, తెల్లగుడ్డ మీద రుద్ది చూస్తుంది. గుడ్డకు ఎరుపు అంటితే ఆ దారం పక్కన పెట్టాల్సిందే, ఎంత ముచ్చటగా ఉన్నా.

పొద్దెక్కింది. మంచు విడిపోయి వీధి కనిపిస్తోంది. కోడలు చెంగుతో నడిమి సుద్దగీతలు తుడిచేస్తుంది. మొహం చిన్నబోయింది. అత్త అది చూసి బొంతను సగం తిప్పుతుంది. కొంగువైపు ఇప్పుడు కోడలి ఒళ్లోకి వచ్చింది.

"గిది తలాపు. మీ అక్క కప్పుకున్నప్పుడల్లా చేతికి తగిలేది ఈడనే. నీ పువ్వు ఈడ కుట్టు. అంచెంబడి ఒక తీగె. మూలకొక చిన్న పువ్వు. నడుమంత గీతలే."

"అద్దాలు?"

"పిలగాడు పెద్దగయినంక సంచికి కుడుదువు తియ్యి."

కోడలు గాజు తీసి కొంగు మీద బోర్లించి మళ్లీ గీస్తుంది. ఈసారి రేకులకు పొడుగుపోగులు లేవు. పైకీ కిందికీ పోయే చిన్న కుట్లతో గీత వెంబడే తిరుగుతుంది సూది. మొదటి రేకు కింద వేలు పెట్టి మీరూ తడమండి, గరుకు తగలదు. అత్త కళ్లు చికిలించి రేకులు లెక్కపెడుతోంది.

"ఎన్ని గీసినవే?"

"ఎనిమిది."

"అయిదు కుట్టు. దగ్గరదగ్గర రేకులైతే కొంగు గూడ బిర్రుగైతది."

కోడలు మూడు రేకులు తుడిచి, మిగతావాటిని కాస్త వెడల్పు చేసి, దారం పంటితో తెంపి రెండో రేకుకు సూది దించుతుంది.